పాలసీ కాగితం ఎవరి కోసం? తప్పనిసరి వాహన బీమాపై ఒక సమీక్ష

"నా బండి, నా డబ్బు, నా రిస్కు. బీమా కట్టమని ప్రభుత్వం నన్నెందుకు బలవంతపెట్టాలి?" రాయ్‌పూర్ పచ్‌పేడీ నాకా దగ్గర పోలీసులు బండ్లు ఆపినప్పుడు హిందీలో వినిపించే ఈ ప్రశ్న, విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర తెలుగులో వినిపిస్తుంది. ఇందులో కొంత న్యాయం ఉంది. సొంత కారుకు సొట్ట పడితే బాగు చేయించుకోవడమో, అలాగే తిప్పుకోవడమో ఓనరు ఇష్టం. అందుకే దొంగతనానికీ డ్యామేజీకీ పనికొచ్చే ‘ఫుల్ ఇన్సూరెన్స్’ తీసుకోమని మన చట్టం ఎవరినీ అడగదు. అది అప్పిచ్చిన బ్యాంకు అడిగితే అడగొచ్చు. చట్టం పట్టుబట్టేది థర్డ్ పార్టీ ఒక్కదానికే. ఆ పాలసీ కాపాడేది బండినీ కాదు, ఓనరునూ కాదు. ఆ బండి కింద పడే మనిషిని. ప్రీమియం కట్టేవాడు ఒకడు, దాని అవసరం పడేది ముక్కూ మొహం తెలియని మరొకరికి. కాబట్టి "నా రిస్కు" అనే వాదన ఇక్కడ నిలవదు. రోడ్డెక్కిన క్షణం నుంచి రిస్కు అందరిదీ.

బలవంతం ఉండాలా వద్దా అన్న ప్రశ్నకు నా జవాబు సూటిగానే చెబుతాను: ఉండాలి. కానీ ఛత్తీస్‌గఢ్ రోడ్లను, అక్కడి మరణాలను దగ్గర పెట్టుకుని చట్టాన్ని చదివితే ఇంకో ప్రశ్న ఎదురవుతుంది. డెబ్బై ఎనభై ఏళ్లుగా తప్పనిసరి అంటున్న ఈ బీమా, ఎవరి కోసం పెట్టారో వాళ్లకు చేరుతోందా? ఈ వ్యాసం ఆ రెండు ప్రశ్నలనూ కలిపి చూస్తుంది.

1946 నుంచి ఇప్పటిదాకా

మోటారు బీమాను తప్పనిసరి చేసిన తొలి ప్రాంతాల్లో అమెరికాలోని మసాచుసెట్స్ ఒకటి. అక్కడ 1927లో అమలైంది. బ్రిటన్ 1930 నాటి రోడ్డు ట్రాఫిక్ చట్టంతో అదే దారి పట్టింది. మన దేశంలో 1939 మోటారు వాహనాల చట్టంలోనే దీనికొక అధ్యాయం కేటాయించారు, అయితే అది అమల్లోకి వచ్చింది 1946 జూలై 1న. ప్రమాద బాధితులు సివిల్ కోర్టుల్లో ఏళ్లూపూళ్లూ తిరగకుండా 1956 సవరణతో క్లెయిమ్స్ ట్రిబ్యునళ్లు పుట్టాయి. తప్పు ఎవరిదైనా కొంత సొమ్ము వెంటనే ఇవ్వాలన్న నియమం 1982లో వచ్చింది. 1988 చట్టం 146వ సెక్షన్‌లో పాత షరతునే మళ్లీ రాసింది: థర్డ్ పార్టీ పాలసీ లేకుండా ఏ మోటారు వాహనాన్నీ బహిరంగ స్థలంలో నడపకూడదు, నడపనివ్వకూడదు.

కోర్టులు కూడా ఈ నిబంధనను బాధితుడి వైపు నుంచే చదివాయి. 2004 నాటి స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన సూత్రాన్ని స్థిరపరిచింది. డ్రైవరుకు సరైన లైసెన్సు లేదన్న సాకుతో బీమా కంపెనీ బాధితుణ్ని వట్టి చేతులతో పంపకూడదు. ముందు బాధితుడికి చెల్లించి, ఆ తర్వాత ఆ సొమ్మును ఓనరు దగ్గర వసూలు చేసుకోవచ్చు. కంపెనీకీ ఓనరుకూ మధ్య ఉన్న తగాదాలో చనిపోయినవాడి కుటుంబం నలిగిపోకూడదన్నదే దాని సారం. 2019 సవరణ ఈ అధ్యాయాన్ని తిరగరాసింది. అది 2022 ఏప్రిల్ 1 నుంచి అమలవుతోంది.

ఒక మినహాయింపు తెలుగు పాఠకులకు ఆసక్తి కలిగిస్తుంది. సొంతంగా పరిహార నిధి పెట్టుకున్న ప్రభుత్వ రవాణా సంస్థలను బీమా నుంచి మినహాయించే వీలు చట్టంలో ఉంది. ఆర్టీసీ బస్సు గుద్దితే ఆ సంస్థే చెల్లిస్తుందన్న ధీమా మనకు అలా వచ్చిందే. ఛత్తీస్‌గఢ్‌లో ఆ ధీమా లేదు. ఊళ్ల మధ్య తిరిగే బస్సులు దాదాపు అన్నీ ప్రైవేటువే. అక్కడ బాధితుడికి దిక్కు పాలసీ ఒక్కటే.

714 రూపాయలు, పాతిక లక్షలు

పాలసీ కాగితాన్ని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడాలి. పైన సీజీ 04తో మొదలయ్యే బండి నంబరు, దాని కింద ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు. తర్వాత ప్రీమియం పట్టిక. అందులో ‘బేసిక్ టీపీ’ అన్న వరుసే చట్టం అడిగేది. 2022 జూన్ 1 నుంచి అమలైన రేట్ల ప్రకారం 75 సీసీ దాటి 150 సీసీ లోపు మోటారు సైకిలుకు ఏడాదికి 714 రూపాయలు. వెయ్యి సీసీ లోపు కారుకు 2,094, పదిహేను వందల సీసీ లోపు కారుకు 3,416. దీనికి జీఎస్టీ అదనం. ఈ రేట్లను కంపెనీలు ఇష్టమొచ్చినట్టు వేయవు. ప్రభుత్వం నోటిఫై చేస్తుంది.

ఈ 714 రూపాయలు ఎంత బరువు మోస్తాయో ఒక ఊహా ఉదాహరణతో లెక్కేద్దాం. రాయ్‌పూర్ శివారులో ముప్పై ఏళ్ల తాపీ మేస్త్రీని ఒక బైకు గుద్దింది, ఆయన చనిపోయాడు. నెలకు 12,000 సంపాదన. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. 2009 సరళా వర్మ తీర్పు, 2017 ప్రణయ్ సేఠీ తీర్పు ఇచ్చిన సూత్రాల ప్రకారం ట్రిబ్యునల్ ఇలా లెక్క కడుతుంది. సొంత పని చేసుకునేవాడు, నలభై ఏళ్ల లోపు వాడు కాబట్టి రాబోయే రోజుల్లో పెరిగే సంపాదన కింద 40 శాతం కలపాలి. నెలకు 16,800 అవుతుంది. ఆధారపడినవాళ్లు నలుగురు కాబట్టి ఆయన సొంత ఖర్చుల కింద నాలుగో వంతు తీసేయాలి. మిగిలేది 12,600. ఏడాదికి 1,51,200. వయసును బట్టి దాన్ని 17తో గుణించాలి. మొత్తం 25,70,400 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు, తోడు కోల్పోయినందుకు ఇచ్చే సొమ్ము వేరు.

ఇప్పుడు ఆ బైకుకు పాలసీ లేదనుకోండి. తీర్పు అదే, అంకె అదే, కానీ చెల్లించాల్సింది బైకు ఓనరు. అతను కూడా నెలకు పది పదిహేను వేలు తెచ్చుకునేవాడే కావచ్చు. అతని ఆస్తి మొత్తం అమ్మినా పాతిక లక్షలు రావు. మేస్త్రీ భార్య చేతికి మిగిలేది తీర్పు కాపీ. ఒకే ప్రమాదంలో రెండు కుటుంబాలు వీధిన పడతాయి. తప్పనిసరి బీమాకు ఇంతకంటే బలమైన సమర్థన నాకు కనిపించదు. ఒక్కడు మోయలేని బరువును లక్షల మంది తలా కాస్త పంచుకుంటారు. ఇష్టమైనవాళ్లే కట్టండి అంటే ఆ పంపకం కుదరదు. ఎందుకంటే పాలసీ వల్ల లాభపడేవాడికి, పాలసీ ఉన్న బండే తనను గుద్దాలని కోరుకునే వీలు లేదు.

వద్దనేవాళ్ల మాట

వ్యతిరేక వాదనల్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. వాటిలో మూడు గట్టివి.

మొదటిది పేదరికం. పాత స్కూటరు మీద కూరగాయలు అమ్ముకునేవాడికి ఎనిమిది వందల పైచిలుకు కూడా బరువే. కట్టకపోతే 196వ సెక్షన్ కింద మొదటిసారి 2,000, మళ్లీ దొరికితే 4,000 జరిమానా, మూడు నెలల దాకా జైలు శిక్షకూ వీలుంది. ఈ అభ్యంతరం నిజమైనదే. కానీ ఆ స్కూటరు గుద్దేది ఎవరిని? ఎక్కువగా నడిచివెళ్లేవాళ్లను, సైకిళ్ల వాళ్లను, తనలాంటి మరో పేదవాణ్ని. బరువు తగ్గించే మార్గం వెతకాలి తప్ప, ఆ బరువును బాధితుడి నెత్తిన పెట్టకూడదు. పైగా బరువు తగ్గించే ఒక మార్గం ప్రభుత్వం చేతిలోనే ఉంది. తానే తప్పనిసరి చేసిన ప్రీమియం మీద బైకుల వాళ్ల దగ్గర 18 శాతం జీఎస్టీ వసూలు చేస్తోంది. చట్టం బలవంతం మీద కట్టే సొమ్ముకు పన్ను కూడా కట్టించుకోవడం సమర్థించలేనిది.

రెండోది, బీమా ఉందన్న భరోసా నిర్లక్ష్యానికి దారితీస్తుందనే వాదన. అల్మా కోహెన్, రాజీవ్ దెహేజియా అనే ఆర్థికవేత్తలు అమెరికా రాష్ట్రాల లెక్కలు తీసి 2004లో ప్రచురించిన అధ్యయనం ఈ అనుమానాన్ని బలపరిచింది. బీమా లేని డ్రైవర్లు తగ్గిన చోట రోడ్డు మరణాలు పెరిగినట్టు వాళ్లు కనుగొన్నారు. దీన్ని బీమా రద్దుకు కారణంగా చూడక్కర్లేదు. ప్రీమియం నిర్ణయించే తీరు మార్చమన్న హెచ్చరికగా తీసుకోవాలి. మన దగ్గర ‘నో క్లెయిమ్ బోనస్’ సొంత డ్యామేజీ భాగానికే వర్తిస్తుంది. థర్డ్ పార్టీ ప్రీమియం మాత్రం ఇంజిన్ సైజును, బండి బరువును చూస్తుంది, నడిపేవాడి చరిత్రను చూడదు. తాగి పట్టుబడినవాడూ, ఇరవై ఏళ్లు ఒక్క ఛలానా లేనివాడూ అదే 714 కడతారు. బీమా నియంత్రణ సంస్థ నియమించిన బృందం 2021లో ట్రాఫిక్ ఉల్లంఘనలను ప్రీమియంతో ముడిపెట్టమని సూచించింది. ఆ దిశగా నడవడం రెండో వాదనకు సరైన జవాబు.

మూడోది, కంపెనీలకు ప్రభుత్వమే గిరాకీ తెచ్చి పెడుతోందన్న ఆరోపణ. గిరాకీ ఖాయమైనప్పుడు సేవ మీద శ్రద్ధ తగ్గుతుందన్నది అనుభవమే. ప్రీమియం తీసుకునేటప్పుడు రెండు నిమిషాల్లో పాలసీ ఫోన్లోకి వస్తుంది, క్లెయిమ్ దగ్గరికి వచ్చేసరికి వకీళ్లు వాయిదా అడుగుతారు. ఈ వాదనలో ఉన్న కోపం న్యాయమైనది. అది చెప్పేదల్లా ఒక్కటే: పౌరుడికి కట్టడం తప్పనిసరి చేసినప్పుడు, కంపెనీకి చెల్లించడం కూడా అంతే తప్పనిసరి కావాలి.

రోడ్డు మీద ఉన్న సంగతి

వాదనలు అలా ఉంచి, ఆచరణకు వద్దాం. రోడ్డు భద్రత మీద నడుస్తున్న రాజశేఖరన్ కేసులో 2018లో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన అంకె విస్తుగొలుపుతుంది. దేశంలో తిరుగుతున్న సుమారు 18 కోట్ల వాహనాల్లో థర్డ్ పార్టీ బీమా ఉన్నవి దాదాపు 6 కోట్లే. అందుకే కోర్టు 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కారుకు మూడేళ్లు, కొత్త ద్విచక్ర వాహనానికి ఐదేళ్లు ఒకేసారి పాలసీ తీసుకోవాలని ఆదేశించింది. దానివల్ల కొత్త బండ్ల విషయంలో మేలు జరిగింది. ఐదేళ్లు గడిచాక ఆ బండి చేతులు మారుతుంది, ఊరు మారుతుంది, రెన్యూవల్ సంగతి ఎవరికీ గుర్తుండదు. 2024లో పార్లమెంటు ఆర్థిక స్థాయీ సంఘం కూడా సగానికి పైగా వాహనాలు బీమా లేకుండానే తిరుగుతున్నాయని చెప్పింది. సగం మంది పాటించని నిబంధనను తప్పనిసరి అని పిలవడం కష్టం.

జరిమానా తీరు కూడా తలకిందులుగా ఉంది. బైకు ప్రీమియం 714, జరిమానా 2,000. కాబట్టి బైకువాడికి పాలసీ కట్టుకోవడమే లాభం. సరుకు బండ్లకు వచ్చేసరికి లెక్క మారిపోతుంది. 7,500 కిలోల లోపు బరువున్న సరుకు వాహనానికి థర్డ్ పార్టీ ప్రీమియం 16,049 రూపాయలు. 20,000 కిలోలు దాటి 40,000 లోపు ఉన్న లారీకి 43,950. జరిమానా మాత్రం వాటికీ అదే రెండు వేలు. ఎగ్గొట్టి ఏడాదికి రెండు మూడు సార్లు పట్టుబడినా, పికప్ ఓనరుకు డబ్బు మిగులుతుంది. ఎక్కువ ప్రాణహాని చేయగల బండికే ఎగవేత లాభసాటిగా ఉంది. సిల్తరా, ఉర్లా పారిశ్రామిక వాడల నుంచి ఇనుము, సిమెంటు మోస్తూ పగలూ రాత్రీ లారీలు తిరిగే రాయ్‌పూర్ లాంటి చోట ఇది చిన్న లోపం కాదు.

ఛత్తీస్‌గఢ్‌లో ఒక్క 2022లోనే 5,800 మందికి పైగా రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారు. అదే ఏడాది దేశం మొత్తం మీద పోయిన ప్రాణాలు 1,68,491.

సరుకు బండిలో మనుషులు

2024 మే 20న కబీర్‌ధామ్ జిల్లాలో బహపానీ గ్రామం దగ్గర తునికాకు కోసి తిరిగొస్తున్న కూలీల పికప్ లోయలో పడింది. 19 మంది చనిపోయారు. ఎక్కువ మంది మహిళలు, బైగా గిరిజనులు. ఏడాది తిరక్కుండానే, 2025 మే 11 రాత్రి, రాయ్‌పూర్ నుంచి బలౌదాబాజార్ వెళ్లే దారిలో సారాగావ్ దగ్గర, పురిటి వేడుక నుంచి వస్తున్న బంధువుల లారీ ఒక ట్రెయిలర్‌ను గుద్దుకుంది. 13 మంది పోయారు, అందులో ఎక్కువ మంది ఆడవాళ్లు, పిల్లలు. ఛత్తీస్‌గఢ్ పత్రికల్లో ‘మాల్‌వాహక్’ అనే మాట ఇలాంటి వార్తల్లో పదే పదే కనిపిస్తుంది. సరుకు మోయాల్సిన బండిలో మనుషుల్ని ఎక్కించుకోవడం అక్కడ పెళ్లిళ్లకూ కూలి పనులకూ సంతలకూ రోజూ జరిగేదే. తెలుగు నేల మీద మిరపకోతకు వెళ్లే కూలీల ట్రాక్టర్లు, టాటా ఏస్‌లు చూసినవాళ్లకు ఈ దృశ్యం కొత్త కాదు.

ఇలాంటి బండికి సక్రమమైన థర్డ్ పార్టీ పాలసీ ఉన్నా, అందులో ప్రయాణించినవాళ్లకు అది వర్తిస్తుందా? చట్టం వర్తించదనే అంటోంది. 2002 డిసెంబరు నాటి ఆశారాణి తీర్పులో సుప్రీంకోర్టు ఈ మాట తేల్చింది: సరుకు వాహనంలో సరుకు యజమానికో, అతని ప్రతినిధికో తప్ప, ఊరికే ఎక్కినవాళ్లకు పాలసీ బాధ్యత వహించదు. 2019 సవరణ ఈ మినహాయింపును 147వ సెక్షన్‌లో స్పష్టంగా రాసేసింది. కొన్ని కేసుల్లో, ఉదాహరణకు 2017 నాటి మనువారా ఖాతూన్ కేసులో, ఊరికే ఎక్కిన ప్రయాణికుల విషయంలో కూడా ముందు చెల్లించి తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోమని సుప్రీంకోర్టు కంపెనీని ఆదేశించింది. కానీ అది కోర్టు చూపిన దయ. హక్కు కాదు. ఏ కేసులో దక్కుతుందో, ఏ కేసులో దక్కదో ముందుగా చెప్పలేని చోట పేద కుటుంబం నిలబడలేదు.

దీన్ని సమర్థించేవాళ్ల తర్కం ఒకటుంది. సరుకు బండిలో మనుషులకు కవరు ఇస్తే ఆ ప్రయాణాన్ని చట్టమే ప్రోత్సహించినట్టవుతుందని వాళ్లంటారు. నేను ఒప్పుకోను. తునికాకు కోయడానికి అడవికి వెళ్లే మహిళ పాలసీ షరతులు చదివి బండెక్కదు. ఆ దారిలో బస్సు లేదు కాబట్టి ఎక్కుతుంది. ఎక్కించుకున్న తప్పు ఓనరుది, డ్రైవరుది, చెక్‌పోస్టు దాటనిచ్చిన అధికారిది. శిక్ష మాత్రం చచ్చిపోయిన కూలీ పిల్లలకు పడుతోంది. ప్రమాదం జరిగిన మర్నాడు ముఖ్యమంత్రులు ప్రకటించే ఎక్స్‌గ్రేషియా అవసరమే, కానీ అది దయతో ఇచ్చేది. వార్తకెక్కే పెద్ద ప్రమాదాలకు వస్తుంది, ఒక్కరు చనిపోయిన చోటికి రాదు.

ఇదే లోపం మన ఇళ్లలోనూ ఉంది. చాలామందికి తెలియదు. బైకుకు వట్టి థర్డ్ పార్టీ పాలసీ ఉంటే, వెనక కూర్చున్న భార్యకో బిడ్డకో అది వర్తించదని 2006లో తిలక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ‘ఫుల్ ఇన్సూరెన్స్’ అనే ప్యాకేజీ పాలసీ తీసుకుంటే వర్తిస్తుంది. ఓనరు నడుపుతూ చనిపోతే 15 లక్షలిచ్చే వ్యక్తిగత ప్రమాద కవరును 2018లో తప్పనిసరి చేశారు. వెనక కూర్చున్న మనిషికి అలాంటిదేమీ పెట్టలేదు. బీమా ఎవరి కోసమో మరిచిపోతే ఇలాంటి ఖాళీలు మిగులుతాయి.

పాలసీ ఉన్నా అందని సొమ్ము

ఇక పాలసీ ఉండి, హక్కు ఉండి, సొమ్ము అందని కేసులు. 2022 ఏప్రిల్ నుంచి ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపే ట్రిబ్యునల్లో దరఖాస్తు వేయాలన్న గడువు పెట్టారు. అంతకుముందు చాలా ఏళ్లు ఏ గడువూ లేదు. ఇంటి పెద్ద పోయిన కుటుంబం దశదిన కర్మలు ముగించుకుని, ఎఫ్‌ఐఆర్ కాపీ, పోస్టుమార్టం రిపోర్టు, సంపాదన రుజువు సంపాదించేసరికి ఆరు నెలలు ఇట్టే గడిచిపోతాయి. కోమాలో ఉన్న మనిషికి ఆ గడువు ఎలా వర్తిస్తుంది? ఈ నిబంధన చెల్లుతుందా అన్నది సుప్రీంకోర్టు ముందుకు వెళ్లింది. కోర్టు సంగతెలా ఉన్నా పార్లమెంటే దీన్ని వెనక్కి తీసుకోవాలి.

గుద్ది పారిపోయిన కేసుల పరిస్థితి మరీ దారుణం. బండి దొరకనప్పుడు మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 ఇచ్చే పథకం 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అంతకుముందు ఇవి 25,000, 12,500 మాత్రమే. ఒక్క 2022లోనే దేశంలో 67,387 ఇలాంటి ప్రమాదాలు నమోదైతే, 2022–23లో వచ్చిన దరఖాస్తులు 205 అని సుప్రీంకోర్టు 2024 జనవరిలో ఆందోళన వ్యక్తం చేసింది. డబ్బుంది, పథకం ఉంది, బాధితుడికి కబురే లేదు. ఈ హక్కు గురించి కుటుంబానికి చెప్పే బాధ్యతను కోర్టు పోలీసుల మీద పెట్టింది.

తెలుగువాళ్లకు ఇక్కడ ప్రత్యేకంగా చెప్పాల్సిన విషయం ఒకటుంది. సీతార్‌గంజ్ నుంచి రాయ్‌పూర్, జగదల్‌పూర్, కోంటా, భద్రాచలం మీదుగా విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం చేరే 30వ నంబరు జాతీయ రహదారి మన లారీ డ్రైవర్లకు బాగా తెలిసిన దారి. రాయ్‌పూర్ రైల్వే వ్యాగన్ షాపు కాలనీలోనూ, భిలాయి ఉక్కు కర్మాగారం చుట్టూ తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలున్నాయి. అక్కడ ప్రమాదం జరిగితే కేసు అక్కడే నడపాలని చాలామంది భయపడి వదిలేస్తారు. అవసరం లేదు. 166వ సెక్షన్ ప్రకారం ప్రమాదం జరిగిన చోటే కాదు, బాధిత కుటుంబం నివసించే చోట కూడా క్లెయిమ్ వేసుకోవచ్చు. కేస్కాల్ ఘాట్‌లో పోయిన డ్రైవరు భార్య శ్రీకాకుళం ట్రిబ్యునల్లోనే దరఖాస్తు పెట్టుకోగలదు.

ఒక మంచి మార్పు కూడా నమోదు చేయాలి. 2025 మే 5న అమల్లోకి వచ్చిన నగదు రహిత చికిత్సా పథకం కింద ప్రమాద బాధితుడికి తొలి ఏడు రోజుల్లో లక్షన్నర దాకా వైద్యం అందాలి. బండికి బీమా ఉన్నా లేకున్నా సరే. ప్రాణం నిలిపే తొలి గంటల్లో పాలసీ గురించి అడగకూడదన్న ఆలోచన సరైనది. నమోదైన ఆసుపత్రులన్నీ దాన్ని పాటించేలా చూడటమే మిగిలిన పని.

వేరే దేశాల అనుభవం

తప్పనిసరి బీమా వద్దనుకునేవాళ్లు తరచూ అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌ను చూపిస్తారు. అక్కడ ఇప్పటికీ బీమా తప్పనిసరి కాదు. కానీ ప్రమాదం చేస్తే నష్టం భరించే స్తోమత నిరూపించుకోవాలి. ఐదు వందల డాలర్లు కట్టి బీమా లేకుండా తిరిగే వెసులుబాటు ఇచ్చిన వర్జీనియా, 2024 జూలై 1తో దాన్ని ఎత్తేసింది.

న్యూజిలాండ్ 1974 నుంచి వేరే దారిలో నడుస్తోంది. అక్కడ తప్పెవరిదన్న విచారణ లేకుండా ప్రభుత్వ సంస్థే గాయపడిన ప్రతివాడికీ వైద్యం, జీతంలో భాగం ఇస్తుంది. డబ్బు పెట్రోలు మీద, వాహన లైసెన్సు మీద వేసే సుంకంతో వస్తుంది. ఎగవేతకు తావు తక్కువ, ఎందుకంటే పెట్రోలు బండి పెట్రోలు పోయించుకోకుండా తిరగలేదు. దక్షిణాఫ్రికా కూడా ఇంధన సుంకంతో నిధి పెట్టింది, కానీ నిర్వహణ లోపంతో అది అప్పుల్లో కూరుకుపోయింది. నిధి ఉంటే చాలదు, దాన్ని నడిపే చేతులూ బాగుండాలి.

మనకు దగ్గరగా పనికొచ్చేవి ఆస్ట్రేలియా, బ్రిటన్ అనుభవాలు. ఆస్ట్రేలియా రాష్ట్రాల్లో మనుషుల గాయాలకు సంబంధించిన బీమా వాహన రిజిస్ట్రేషన్‌తో ముడిపడి ఉంటుంది. బీమా లేకుండా రిజిస్ట్రేషన్ రెన్యూ కాదు. బ్రిటన్‌లో 1946 నుంచి బీమా కంపెనీలన్నీ కలిసి పెట్టుకున్న మోటార్ ఇన్సూరర్స్ బ్యూరో ఉంది. బీమా లేని బండి గుద్దినా, దొరకని బండి గుద్దినా అది చెల్లిస్తుంది. ఒక బండివాడు ప్రీమియం ఎగ్గొడితే ఆ నష్టాన్ని పరిశ్రమంతా పంచుకుంటుంది, బాధితుడి మీద వదిలేయదు.

ఏం చేయాలి

ఈ పరిశీలనంతా కలిపి చూస్తే, తప్పనిసరి చేయాలా వద్దా అన్న చర్చ ముగిసిందనే చెప్పాలి. నడిచే మనిషికి ఇంతకు మించిన రక్షణ మన దగ్గర లేదు. చర్చ జరగాల్సింది ఆ బలవంతాన్ని చివరిదాకా తీసుకెళ్లడం మీద. దానికి నా దృష్టిలో ఐదు పనులున్నాయి.

ద్విచక్ర వాహనాలకు పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ కాలానికీ థర్డ్ పార్టీ ప్రీమియాన్ని రోడ్డు పన్నుతో పాటే వాయిదాల్లో వసూలు చేయాలి. అప్పుడు రోడ్డు మీద బండ్లు ఆపి కాగితాలు చూసే పని చాలావరకు తగ్గుతుంది, పేదవాడికి ఒకేసారి పడే భారమూ తగ్గుతుంది. దాని మీద జీఎస్టీ ఎత్తేయాలి. సరుకు వాహనాలకు జరిమానాను ప్రీమియానికి రెండు మూడింతలు చేయాలి, పట్టుబడ్డ బండిని పాలసీ తెచ్చేదాకా వదలకూడదు. ప్రమాదం చేసిన, బీమా లేని బండిని వేలం వేసి ఆ సొమ్మును ట్రిబ్యునల్లో జమ చేయాలని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. రాష్ట్రాలు దాన్ని నిజంగా అమలు చేయాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది, 147వ సెక్షన్‌లోని మినహాయింపును తొలగించడం. సరుకు బండిలో ఉన్నా, బైకు వెనక ఉన్నా, మనిషి మనిషే. ముందు కుటుంబానికి చెల్లించి, తర్వాత నిబంధన మీరిన ఓనరు దగ్గర ముక్కుపిండి వసూలు చేసుకునే హక్కు కంపెనీకి ఇవ్వాలి. స్వరణ్ సింగ్ తీర్పు లైసెన్సు లేని డ్రైవరు విషయంలో ఇచ్చిన పరిష్కారమే ఇది. దాన్ని ప్రయాణికులకూ విస్తరించమని అడుగుతున్నాం. ప్రీమియం కొంచెం పెరగవచ్చు. పెరగనివ్వాలి. ఆ పెరుగుదల పికప్ ఓనరుకు ఏడాదికో ఖర్చు. ఇప్పుడు లేని రక్షణ మాత్రం తునికాకు కూలీ కుటుంబానికి ఒక తరం బతుకు.

చివరి పని ప్రభుత్వాలతో పాటు మనదీ. ప్రతి పోలీసు స్టేషన్లో, ప్రతి ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీ గోడ మీద, రాయ్‌పూర్‌లో హిందీ, ఛత్తీస్‌గఢీ, తెలుగు భాషల్లోనూ, మన రాష్ట్రాల్లో తెలుగులోనూ నాలుగు వాక్యాలు రాసి పెట్టాలి: ఎన్ని రోజుల్లో దరఖాస్తు వేయాలి, ఎక్కడ వేయాలి, బండి దొరక్కపోతే ఎవరిని అడగాలి, ఉచిత న్యాయ సహాయం ఎక్కడ దొరుకుతుంది. మన బండి పాలసీ గడువు ఈ రోజే చూసుకోవాలి. వెనక కూర్చునేవాళ్లకు వర్తించే పాలసీయో కాదో ఏజెంటును అడగాలి. ఆపిన పోలీసు కోసం కాకుండా, మన బండి ఎదుటికి రాగల మనిషి కోసం కట్టిన రోజున ఆ ప్రీమియానికి అర్థం ఉంటుంది. ఆ మనిషికి ఇవ్వాల్సినది చివరి రూపాయి దాకా చేర్చినప్పుడే పౌరుణ్ని బలవంతం చేసే నైతిక హక్కు ప్రభుత్వానికి దక్కుతుంది.